ఏడు గేబుల్స్ ఇంట్లో దెయ్యం ఎక్కడుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్పుకుంటాను. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత నాథానియల్ హాథార్న్ రాసిన 'ద స్కార్లెట్ లెటర్' మీకు విపరీతంగా నచ్చింది. ఆ ఊపులోనే ఆయన తర్వాతి నవల 'ద హౌస్ ఆఫ్ ద సెవెన్ గేబుల్స్' తెప్పించుకున్నారు. అట్ట వెనక శాపం, పాత ఇల్లు, వంశాన్ని పట్టి పీడించే చావులు అని రాసి ఉంది. తీరా పదో అధ్యాయం దాకా వచ్చినా ఒక్క దెయ్యమూ కనపడలేదు. ఒక ముసలావిడ చిల్లర కొట్టు పెట్టుకోవడం, తోటలో చిక్కుడు తీగలు, నాలుగు బక్క కోళ్ళు, ఇంతే. చదవాలా, పక్కన పెట్టేయాలా అన్నది మీ మొదటి సందేహం. ఈ నవలే తన మొదటిదాని కంటే మెరుగని రచయిత అన్నాడట, నిజమేనా అన్నది రెండోది. కథ ముందే తెలిసిపోయినా ఫర్వాలేదన్నారు కాబట్టి ఏమీ దాచకుండా రాస్తున్నాను. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆగిపోండి.

చదవండి. అయితే దెయ్యం కోసం ఎదురుచూడటం మానేసి చదవండి. అది మొదటి అధ్యాయంలోనే వచ్చి కూర్చుంది, మీరే దాన్ని దాటుకుని వచ్చేశారు. ఈ ఇంటిని పట్టుకున్న దెయ్యం ఆస్తి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, తమది కాని నేలను కాజేసి కట్టుకున్న ఇల్లు, ఎక్కడో ఉందనుకుంటున్న ఒక దస్తావేజు. తెల్లచీర కట్టుకుని మెట్లెక్కి వచ్చేది కాదు కాబట్టి పదో అధ్యాయం దాకా వచ్చినా మీకు తగల్లేదు.

రెండో నవల అనడంలో చిన్న మెలిక ఉంది. హాథార్న్ 1828లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, 'ఫ్యాన్‌షా' అనే నవల సొంత డబ్బుతో, పేరు వేసుకోకుండా అచ్చు వేయించాడు. తర్వాత సిగ్గుపడి దొరికిన ప్రతులన్నీ తగలబెట్టాడు. ఆయన లెక్కలో అది లేదు, మనమూ వదిలేద్దాం. 1850 మార్చిలో 'స్కార్లెట్ లెటర్' వచ్చింది, పేరు మోగిపోయింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో పడమటి కొండల వైపు లెనాక్స్ అనే ఊళ్ళో ఒక చిన్న ఎర్ర ఇల్లు అద్దెకు తీసుకుని, ఆ ఏడాది ఎండాకాలం చివర్లో ఈ నవల మొదలుపెట్టి, చలికాలంలో ముగించాడు. 1851 ఏప్రిల్‌లో బాస్టన్‌లో అచ్చయింది. అప్పుడు పక్క ఊళ్ళోనే ఉంటున్న హెర్మన్ మెల్విల్‌తో మంచి స్నేహం కుదిరింది. అదే ఏడాది వచ్చిన 'మోబీ డిక్'ను మెల్విల్ ఈయనకే అంకితమిచ్చాడు. అంత మంచి రోజుల్లో, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటుండగా రాసిన పుస్తకం ఇది. అందుకేనేమో దీంట్లో మొదటిదాంట్లో లేని నవ్వు ఉంది. చాలామందికి ఆ నవ్వు చెవిన పడదు, దాని దగ్గరకి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు ఒక పని చేయండి. పదకొండోది మొదలుపెట్టేముందు మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి. మొదటిసారి అది నస పీఠికలా అనిపిస్తుంది. ఏ సంవత్సరంలో ఎవరు, ఎవరి కొడుకు ఎవరు అని. నిజానికి అది భూమి తగాదా కేసు కట్ట. మాథ్యూ మౌల్ అనే మామూలు మనిషి అడవి నరికి, మంచినీటి ఊట ఉన్న కొద్దిపాటి నేలలో గుడిసె వేసుకున్నాడు. ఊరు పెరిగింది, ఆ నేలకు విలువొచ్చింది. పలుకుబడి గల కర్నల్ పించియన్ కన్ను దాని మీద పడింది. ఏదో పాత పట్టా ఉందన్నాడు. మౌల్ ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి నలిగింది. ఇంతలో ఊళ్ళో మంత్రగత్తెల వేట మొదలైంది, మౌల్ చేతబడి చేస్తాడని ఉరి తీశారు. తీయాలని అందరికంటే గట్టిగా అరిచింది కర్నలే. ఉరితాడు మెడకు పడ్డాక, గుర్రం మీద కూర్చుని చూస్తున్న కర్నల్ వైపు వేలు చూపించి, దేవుడు ఇతని చేత రక్తం తాగిస్తాడు అన్నాడు మౌల్. కర్నల్ ఏమీ జంకకుండా అదే నేలలో ఏడు గేబుళ్ళ భవంతి కట్టించాడు. గేబుల్ అంటే ఏటవాలు పైకప్పు చివర త్రికోణంగా లేచే గోడ. కట్టిన వడ్రంగి ఎవరు? ఉరి తీయించిన మౌల్ కొడుకే! గృహప్రవేశం రోజు ఊరంతా భోజనానికి వచ్చింది, ఇంటాయన మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. తలుపు తీసి చూస్తే కుర్చీలో చచ్చి ఉన్నాడు, మెడపట్టీ మీద, గడ్డం మీద రక్తం.

ఇదంతా పూర్తిగా కల్పనా అంటే కాదు. సేలం ఊళ్ళో 1692లో జరిగింది చరిత్ర. ఇది తమిళనాడు సేలం కాదు, బాస్టన్‌కు ఈశాన్యాన సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మంత్రగత్తెలని, మంత్రగాళ్ళని పందొమ్మిది మందిని ఉరి తీశారు, నేరం చేశాననీ లేదనీ చెప్పని గైల్స్ కోరీ అనే ముసలాయనను మీద బండరాళ్ళు పేర్చి చంపారు. సారా గుడ్ అనే పేద ఆడమనిషి ఉరికంబం దగ్గర నికొలస్ నోయిస్ అనే పాస్టర్‌తో, నా ప్రాణం తీస్తే దేవుడు నీచేత రక్తం తాగిస్తాడు అన్నదని చెబుతారు. ఆ పాస్టర్ నిజంగానే రక్తం కక్కుకుని చచ్చాడని సేలం జనం తరతరాలుగా చెప్పుకున్నారు. హాథార్న్ ఆ మాటను తీసుకుని మౌల్ నోట్లో పెట్టాడు.

ఎందుకు పెట్టాడన్నదే అసలు సంగతి. ఆ విచారణలు నడిపిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ ఒకడు. మన రచయితకు ముత్తాత వరసలో పూర్వీకుడు. విచారణలో పాల్గొన్న కొందరు తర్వాత తప్పు ఒప్పుకున్నారు, క్షమాపణ చెప్పారు. ఈయన చెప్పలేదు. ఆయన తండ్రి విలియం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళను కొరడాలతో కొట్టించినవాడు. నాథానియల్ తన ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం అదనంగా చేర్చుకోవడానికి కారణం ఈ పూర్వీకులేనని చాలామంది అంటారు, ఆయన మాత్రం ఎక్కడా చెప్పలేదు. 'స్కార్లెట్ లెటర్'కు రాసిన ముందుమాటలో మాత్రం, ఆ పెద్దల తరఫున సిగ్గు నేను మోస్తాను, వాళ్ళ వల్ల వంశానికి ఏదైనా శాపం తగిలి ఉంటే అది ఇప్పటికైనా పోవాలి అని స్పష్టంగా రాసుకున్నాడు. మీరు ఆ ముందుమాట దాటేసి కథలోకి దూకి ఉంటారు, అందరూ చేసేదే. ఇప్పుడు తీసి ఆ పేజీలు చదవండి. ఈ రెండో నవలకు అసలు మొదటి పేజీ అక్కడుంది. ఉరి వేసినవాళ్ళ మనవడు, ఉరి వేయించిన ఇంటి గురించి రాస్తున్నాడన్నమాట.

దెయ్యాల విషయంలో ఆయన వాడే కిటుకు ఒకటి పట్టుకుంటే పుస్తకం తలుపు తెరుచుకుంటుంది. ఏ వింతనూ తన నోటితో చెప్పడు. జనం అనుకున్నారు, పొయ్యి దగ్గర ముసలాళ్ళు చెప్పుకునేవారు, నేను నమ్మనుగానీ వినికిడి ఇది అంటాడు. వెంటనే పక్కన డాక్టరు మాట పెడతాడు. కర్నల్ గొంతు మీద వేళ్ళ గుర్తులు ఉన్నాయని కొందరన్నారు, కాదు పక్షవాతం లాంటి పోటు అని వైద్యులన్నారు. చివరికి ఈ వంశంలో మగవాళ్ళకు అలాంటి హఠాన్మరణం వారసత్వంగా వచ్చే జబ్బు అని తేలుతుంది. మరి శాపమా, జబ్బా? రెండూ ఒకటే అంటాడు ఈయన, కాకపోతే నోరు తెరిచి అనడు. తాత పోలికలు, తాత ఆశ, తాత రక్తపోటు, తాత కాజేసిన ఇల్లు, అన్నీ కలిసే మనవడికి వస్తాయి. ఎనిమిదో అధ్యాయం మీరు చదివేశారు కదా, అక్కడ జడ్జి జాఫ్రీ పించియన్ కొట్లోకి వచ్చి పల్లె నుంచి వచ్చి ఆ ఇంట్లో ఉంటున్న బంధువుల పిల్ల ఫీబీని పలకరించినప్పుడు ఆయన గొంతులో ఒక గురగుర చప్పుడు వస్తుంది, ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది. రక్తం తాగుతున్న చప్పుడు అది. గోడ మీద కర్నల్ పటంలో ఉన్న మొహమే నవ్వు పులుముకుని కొట్లోకి వచ్చింది. మొదటి చదువులో ఆ గురగుర ఒక గుటక లాగా జారిపోతుంది.

నెమ్మది సంగతి. రెండు నుంచి పదకొండు దాకా కథ దాదాపు కదలదు, నిజమే. కానీ ఆ కదలని చోటే ఈయన అందరికంటే బాగా రాశాడని నేననుకుంటాను. హెప్జీబా పించియన్‌కు అరవై దగ్గర పడింది. పెళ్ళి లేదు. గొప్పింటి ఆడపిల్ల, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆ వంశంలో ఏదో ఒక తాత సిగ్గులేకుండా ఇంటి ముందు గేబుల్ కింద ఒక కొట్టుగది తెరిచి, పోయాక మూతపడి ఉంటే, అదే ఇప్పుడు తెరవాల్సి వచ్చింది. ఆ ఒక్క పొద్దు గురించి మూడు అధ్యాయాలు. బెల్లు కట్టిన తలుపు. సీసాలో బిళ్ళలు, అల్లం రొట్టె బొమ్మలు. ఎవరైనా వస్తారేమోనని భయం, ఎవరూ రారేమోనని ఇంకో భయం. మొదట వచ్చిన మనిషి, ఇంట్లో అద్దెకుండే హోల్‌గ్రేవ్, డబ్బివ్వబోతే తీసుకోలేకపోతుంది, మొదటి బేరమే ఉచితం. తర్వాత ఒక బడిపిల్లాడు వచ్చి నల్లజాతి మనిషి ఆకారంలో ఉన్న అల్లం రొట్టె బొమ్మను ఊరికే పుచ్చుకుని, తల మొదట కొరికి, మళ్ళీ ఇంకోటి కావాలని వస్తాడు. ఈసారి సెంటు తీసుకుంటుంది. ఆ రాగి నాణెం మరక చెయ్యి కడిగినా పోదన్నట్టు ఉంటుంది ఆవిడకి. నూటయాభై ఏళ్ళ పెద్దింటితనం ఒక సెంటు దగ్గర విరిగిపోతుంది.

ఇక్కడే ఆ నవ్వు. ఆవిడ ఎప్పుడూ చిటపటలాడుతున్నట్టు కనపడటానికి కారణం చూపు ఆనకపోవడం. కళ్ళు చికిలించి చూసీ చూసీ మొహం అలా పడిపోయింది. ఊరంతా ఆవిడను గయ్యాళి అనుకుంటుంది, అద్దంలో చూసుకుని ఆవిడ కూడా అదే అనుకుంటుంది. జడ్జి మొహం మీద ఎప్పుడూ ఎండలాంటి నవ్వు, లోపల రాయి. చిటపట మొహం వెనక ప్రేమ, నవ్వు మొహం వెనక నేరం. ఈ నవల మొత్తం ఈ రెండు మొహాల మధ్య నడుస్తుంది. ఫోటోలు తీసే హోల్‌గ్రేవ్ ఎందుకున్నాడో దీంతో తెలుస్తుంది. వెండి పూత రేకు మీద ఫోటో తీసే డాగురోటైప్ పద్ధతి 1839లో పారిస్‌లో బయటపడింది, అప్పటికి పన్నెండేళ్ళ కొత్త విద్య. మనిషి ఎంత నవ్వినా జడ్జి ఫోటోలో మాత్రం ఆ క్రూరత్వమే పడుతోందంటాడు హోల్‌గ్రేవ్. సూర్యుడికి ముఖస్తుతి తెలియదట.

కోళ్ళ గురించి మీరు విసుక్కున్నారు. నేను మాత్రం దాటేయమనను. ఒకప్పుడు టర్కీ కోడి అంత ఉండే జాతి, వంశశుద్ధి కోసం బయటి కోడిని కలవనివ్వక కలవనివ్వక పావురం అంత అయిపోయింది. నడకలో దర్జా మాత్రం తగ్గలేదు. పెట్ట ఎప్పుడో ఒకసారి చిన్న గుడ్డు పెడుతుంది. పించియన్ వంశం మీద ఇంతకంటే పదునైన వెటకారం ఈ పుస్తకంలో లేదు, అది కూడా కోళ్ళ దొడ్లో పెట్టాడు. తోట వర్ణనలు కొన్ని మాత్రం వేగంగా తిప్పేయొచ్చు. హాథార్న్ పూల దగ్గర ఆగితే కదలడు.

క్లిఫర్డ్ దగ్గర ఓపిక పట్టండి. హెప్జీబా తమ్ముడు, తండ్రి వరసైన ముసలి బ్రహ్మచారిని చంపాడన్న నేరం మీద ముప్ఫై ఏళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. చంపలేదు. ఆ ముసలాయన కూడా వంశపు జబ్బుతోనే పోయాడు. అక్కడ ఉన్న జాఫ్రీ, ఇప్పటి జడ్జి, సాక్ష్యం తానే తారుమారు చేసి, నేరం క్లిఫర్డ్ మీదికి పోతుంటే చూస్తూ ఊరుకుని ఆస్తి తీసుకున్నాడు. రెండు తరాలకు ఒకే పద్ధతి, గమనించారా? కర్నల్ ఒకరిని ఉరికంబం ఎక్కించి నేల తీసుకున్నాడు, జడ్జి ఒకరిని జైలుకు పంపి డబ్బు తీసుకున్నాడు. రెండుసార్లూ చట్టం చేతే పని చేయించారు. పగటిపూట, కోర్టులో, అందరూ చూస్తుండగా జరిగిన నేరాలివి. ఈ నవల్లో నిజంగా భయపెట్టేది ఇదే. పదకొండో అధ్యాయంలో ఈ పండిపోయిన మనిషి కమాను కిటికీ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా సబ్బు బుడగలు ఊదుతుంటాడు, దారినపోయే జడ్జి ముక్కు మీద ఒక బుడగ పడి పగులుతుంది. జడ్జి తలెత్తి నవ్వుతాడు. క్లిఫర్డ్‌కు వణుకు పుడుతుంది.

పదమూడో అధ్యాయం కథలో కథ. హోల్‌గ్రేవ్ ఫీబీకి చదివి వినిపిస్తాడు. ఆ ఇంటి ఆడపిల్ల ఆలిస్ పించియన్. తండ్రికి అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ అనే ప్రాంతంలో ఉన్నాయంటున్న వేలాది ఎకరాల దస్తావేజు కావాలి, ఆ రహస్యం వడ్రంగి పని చేసే మౌల్ మనవడికి తెలుసని అనుమానం. అది రాబట్టడానికి కన్నకూతురిని వశీకరణకు అప్పగిస్తాడు. ఆపై ఆ పిల్ల మనసు ఆ వడ్రంగి గుప్పెట్లో ఉండిపోతుంది. అతను నవ్వమంటే నవ్వుతుంది, విందు మధ్యలో చిందేయమంటే చిందేస్తుంది. చివరికి ఒక చలి రాత్రి అతని పెళ్ళిలో పెళ్ళికూతురికి సేవ చేయమని పిలిస్తే పల్చని బట్టల్లో నడిచి వెళ్ళి, జలుబు పట్టి చచ్చిపోతుంది. ఆ ఇంట్లో ఎవరైనా పోబోతుంటే ఆమె వాయించే హార్ప్‌సికార్డ్, అంటే పియానో లాంటి పాత వాద్యం, వినపడుతుందంటారు. మీరడిగిన దెయ్యం ఇదే అనుకోవచ్చు, బహుశా. కానీ అసలు చూడాల్సింది కథ చదవడం ఆపాక. వింటున్న ఫీబీ కళ్ళు వాలిపోతుంటాయి. చెయ్యి ఒక్కసారి ఊపితే ఆమె మనసు తనదైపోతుందని హోల్‌గ్రేవ్‌కు తెలుస్తుంది. అతను ఊపడు. తర్వాత తేలేదేమిటంటే అతనే మౌల్ వంశంలో చివరివాడు. ముత్తాత చేసిన పని తన చేతిలోనూ ఉంది, చేయలేదు. నా లెక్కలో శాపం తెగింది ఆ క్షణంలోనే, నవల చివర పెళ్ళిలో కాదు. హాథార్న్‌కు మెస్మరిజం అనే ఈ వశీకరణ విద్య అంటే ఒళ్ళుమంట ఉండేది. 1841లో, ఇంకా పెళ్ళి కాకముందు, తలనొప్పులకు ఆ వైద్యం చేయించుకోవద్దని కాబోయే భార్య సోఫియాకు బతిమాలుతూ ఉత్తరం రాశాడు. ఒక మనిషి ఇంకో మనిషి ఆత్మలోకి దూరడం ఆయన దృష్టిలో అపచారం. 'స్కార్లెట్ లెటర్'లో డాక్టరు పాస్టర్ గుండెలోకి తొంగిచూడటం మీకు గుర్తుంటుంది, అదే పాపం ఇక్కడ ఇంకో రూపంలో వచ్చింది.

ఇక పద్దెనిమిది. మీరు ఎంత విసిగినా దీనికోసం చదవాలి. జడ్జి క్లిఫర్డ్‌ను బెదిరించడానికి వచ్చి, ఆ పాత కుర్చీలో కూర్చుని, కర్నల్ లాగే పోతాడు. అక్కాతమ్ముళ్ళు భయపడి రైలెక్కి పారిపోతారు. పదిహేడో అధ్యాయంలో రైల్లో క్లిఫర్డ్ పిచ్చి ఉత్సాహంతో వాగుతాడు. రైళ్ళు వచ్చాక ఇళ్ళెందుకు, స్థిరాస్తి అన్నదే లోకంలో పాపాలన్నిటికీ పునాది అంటాడు. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కాచెల్లెళ్ళతో మొదలైన ఆత్మల తట్టుడు, అంటే చచ్చినవాళ్ళు తట్టి మాట్లాడతారన్న నమ్మకం కూడా ఆ మాటల్లో వస్తుంది, అప్పటికి తాజా కబురు. ఇంట్లో శవం ఒంటరిగా ఉంది. రచయిత ఆ గది వదలడు. జడ్జిగారూ, లేవరేం? బ్యాంకు మీటింగుకు టైమైంది. గుర్రం కొనాలన్నారు. చచ్చిపోయిన భార్య సమాధి రాయి బాగు చేయించాలన్నారు. గవర్నరు పదవికి మీ పేరు ఖాయం చేసే విందు మొదలైపోయింది, తాబేలు సూపు చల్లారిపోతోంది. చేతిలో గడియారం టిక్కు టిక్కుమంటోంది, మనిషి కదలడు. చీకటి పడుతుంది. గది, కిటికీ, మొహం ఒక్కొక్కటీ కనపడకుండా పోతాయి. అర్ధరాత్రి పించియన్ దెయ్యాలన్నీ వరసగా వచ్చి కర్నల్ పటం చట్రాన్ని తడిమి చూసుకుంటాయి. దస్తావేజు దాని వెనకే ఉంది కదా, చచ్చాక కూడా అదే వెతుకులాట. ఆ వరసలో చివర జడ్జి కూడా ఉంటాడు. అయ్యో, ఇదంతా వెన్నెల చేసిన తమాషా, నమ్మకండి అంటాడు రచయిత. తెల్లారాక ఒక ఈగ వచ్చి జడ్జి నుదుటి మీద వాలి, తెరిచి ఉన్న కన్ను వైపు పాకుతుంది. దాన్ని కూడా తోలలేవా అని అడుగుతాడు.

నేను డిగ్రీ పిల్లలకు అమెరికన్ సాహిత్యం చెప్పినన్నాళ్ళూ ఈ అధ్యాయం గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. ముందు నవ్వేవాళ్ళు. ఈగ దగ్గరకొచ్చేసరికి తరగతిలో చప్పుడుండేది కాదు. మీరూ పైకి చదవండి, కళ్ళతో చదివితే ఆ వెటకారం సగమే అందుతుంది.

ముగింపు మీద మాత్రం నాకు గొడవ ఉంది. జడ్జి కొడుకు విదేశంలో కలరాతో పోయాడని కబురొస్తుంది, ఆస్తంతా వీళ్ళకే. పటం వెనక దస్తావేజు దొరుకుతుంది, అప్పటికి అది చిత్తు కాగితం. హోల్‌గ్రేవ్, ఫీబీ పెళ్ళి. అందరూ మంచి బండి ఎక్కి జడ్జిగారి పల్లె బంగళాకు కాపురం వెళ్ళిపోతారు. ఇల్లు ఇరవై ఏళ్ళకొకసారి కూలిపోయేట్టు కట్టాలి, చచ్చినవాళ్ళ బరువు బతికినవాళ్ళు మోయకూడదు అని అంతకుముందు ఉపన్యాసాలిచ్చిన హోల్‌గ్రేవే, ఆ బంగళా చెక్కతో కాక రాతితో కట్టి ఉంటే బాగుండేది అంటాడు! ఫీబీ ఆశ్చర్యపోతుంది. హాథార్న్ ఇక్కడ వెక్కిరిస్తున్నాడని కొందరు, మెత్తబడిపోయాడని ఇంకొందరు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. శాపం పోయిందని మనల్ని ఇంటికి పంపిస్తూనే, వీళ్ళు వెళ్తున్నది ఇంకో చచ్చినవాడి ఇంట్లోకేనని చెప్పీ చెప్పనట్టు చెప్పాడు. ఇంకో లోటు కూడా ఉంది. ఆ దస్తావేజు మీద స్థానిక ఇండియన్ నాయకుల సంతకపు గుర్తులు ఉన్నాయంటాడు ఒక్క వాక్యంలో. మౌల్ కంటే ముందు ఆ నేల ఎవరిదన్న ప్రశ్న అక్కడే ఆగిపోయింది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న చట్టం 1850 సెప్టెంబరులో, సరిగ్గా ఆయన ఇది రాస్తున్నప్పుడు వచ్చింది. పుస్తకంలో దాని జాడ లేదు, పిల్లాడు కొరుక్కు తినే నల్ల బొమ్మ రొట్టె తప్ప. తన తాతల పాపం మీద అంత పట్టుగా రాసినవాడు ఇది ఎలా దాటిపోయాడో అని ఇప్పటి విమర్శకులు అడుగుతారు, అడగాల్సిందే.

చదవడానికి ప్రతి ఏది అంటే, గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నోట్సు కావాలంటే నార్టన్ క్రిటికల్ ఎడిషన్ మంచిది. వాక్యం పొడుగనిపిస్తే లిబ్రివాక్స్ ఆడియో పెట్టుకుని పుస్తకం చూస్తూ వినండి. 1940లో వచ్చిన సినిమా మాత్రం ముందు చూడకండి, అందులో హెప్జీబాను, క్లిఫర్డ్‌ను ప్రేమికులను చేశారు, కథే మారిపోయింది.

మీ అబ్బాయి బాస్టన్‌లో ఉంటాడన్నారు కాబట్టి ఇంకో మాట. సేలంలో ఆ పేరుతో ఇల్లు ఉంది. 1668లో జాన్ టర్నర్ అనే ఓడ వ్యాపారి కట్టించాడు, హాథార్న్ దూరపు అక్క వరస సుసానా ఇంగర్సాల్ అందులో ఉండేది. ఆయన చూసేనాటికి ఏడు గేబుళ్ళు లేవు, కొన్ని తీసేశారు. తన ఇల్లు ఆకాశ సౌధాలకు వాడే సామానుతోనే కట్టానని ముందుమాటలో తప్పించుకున్నాడు. కరొలిన్ ఎమర్టన్ అనే ఆవిడ 1908లో ఆ ఇల్లు కొని, పోయిన గేబుళ్ళు తిరిగి పెట్టించి, నవల్లో ఉన్న చిల్లర కొట్టు కూడా కట్టించి, 1910లో మ్యూజియం తెరిచింది. టిక్కెట్ల డబ్బుతో వలస వచ్చినవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం నడిపింది. పుస్తకాన్ని చూసి ఇల్లు మారిందన్నమాట. బాస్టన్ నార్త్ స్టేషన్ నుంచి లోకల్ రైలు అరగంట. అక్టోబరులో మాత్రం పోకండి, హాలోవీన్ జనంతో ఊళ్ళో కాలు పెట్టే చోటు ఉండదు.

రెండో సందేహం. అవును, అన్నాడు. ఈ పుస్తకం తన మనసుకు ఎక్కువ దగ్గరని, తాను రాయడానికి ఎక్కువ సహజమైనదని, 'స్కార్లెట్ లెటర్' కంటే ఇదే ఇష్టమని ఉత్తరాల్లో రాశాడు. మొదటిదాంట్లో మరీ చీకటి ఎక్కువైందని ఆయనకు బెంగ. భయానక కథల రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కూడా వింత సాహిత్యానికి న్యూ ఇంగ్లాండ్, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య ప్రాంతం, ఇచ్చిన గొప్ప కానుక ఇదేనన్నాడు. పించియన్ అన్న పేరున్న అసలు కుటుంబం వాళ్ళు మాత్రం మా తాతను అప్రతిష్ఠపాలు చేశావని రచయితకు ఉత్తరాలు రాశారు. మన కాలపు నవలాకారుడు థామస్ పించన్‌ది ఆ కుటుంబమే. నన్నడిగితే, కూర్పులో 'స్కార్లెట్ లెటర్'దే పైచేయి, దాంట్లోంచి ఒక పేజీ కూడా తీయలేం. దీంట్లోంచి ముప్ఫై పేజీలు తీసేసినా ఏమీ కాదు. కానీ హెప్జీబా లాంటి మనిషి అందులో లేదు, పద్దెనిమిదో అధ్యాయం లాంటిది ఆయన మళ్ళీ రాయలేదు. మీరు పదకొండు గుమ్మంలో ఉన్నారు, అక్కడికి ఇంక ఏడే అధ్యాయాలు.